ఐసీయూలో గ్రోత్ హార్మోన్ రిపోర్టును చదవడం ఎలా

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి రోగిని చెన్నై తీసుకువచ్చి, ఐసీయూ బయట కుర్చీల్లో రాత్రుళ్లు గడిపే మనవాళ్లు నాకు ఫోన్లో పంపే రిపోర్టుల్లో ఎక్కువ భాగం క్రియాటినిన్, సోడియం, ప్లేట్‌లెట్లకు సంబంధించినవే. అయితే రోగి రెండు మూడు వారాలుగా వెంటిలేటర్ మీద ఉండి కండ కరిగిపోతున్నప్పుడు, లేదా తలకు దెబ్బ తగిలిన కేసుల్లో, అప్పుడప్పుడు గ్రోత్ హార్మోన్, దాని ప్రేరణతో ఎక్కువగా కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే రెండు పేర్లు కూడా కనిపిస్తాయి. ఐజీఎఫ్-1 అంకె పక్కన ‘తక్కువ’ అనే గుర్తు ఉంటుంది. దాన్ని చూడగానే ఇంట్లో చదువుకున్న కుర్రవాడెవరో ఇంటర్నెట్‌లో వెతికి, ఆ హార్మోన్ ఇంజెక్షన్ చెన్నైలో ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు. ఆ ప్రశ్న దాకా వెళ్లకముందే రిపోర్టును ఏ వరుసలో చదవాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను. ల్యాబు వైద్యుడిగా నేను అంకెల గురించి మాత్రమే చెప్పగలను; నిర్ణయం రోగిని రోజూ చూస్తున్న ఐసీయూ వైద్యులదే.

అన్నిటికంటే ముందు అంకెను కాదు, తేదీని చూడండి. రోగి ఐసీయూలో చేరిన తేదీకీ, రక్తం తీసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో రిపోర్టు మీదే పెన్సిల్‌తో రాసుకోండి. జబ్బు మొదలైన తొలి రోజుల్లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ను మామూలుకంటే ఎక్కువగా విడుదల చేస్తుంది. అయినా కాలేయం దానికి సరిగా స్పందించదు కాబట్టి ఐజీఎఫ్-1 పడిపోతుంది. దీన్నే వైద్యులు గ్రోత్ హార్మోన్ రెసిస్టెన్స్ అంటారు. జబ్బు వారాల తరబడి సాగితే పరిస్థితి మారుతుంది: అప్పుడు పిట్యూటరీ నుంచి వచ్చే విడుదలే బలహీనపడుతుంది, ఐజీఎఫ్-1 తక్కువగానే ఉండిపోతుంది. బెల్జియంలోని ల్యూవెన్ నగరంలో గ్రీట్ వాన్ డెన్ బెర్గె బృందం 1990లలో చేసిన పరిశోధనలు ఈ రెండు దశల తేడాను స్పష్టంగా చూపించాయి. దీర్ఘకాలపు దశలో కూడా విడుదలను ప్రేరేపించే మందు ఇస్తే పిట్యూటరీ స్పందించిందని, అంటే గ్రంథి చెడిపోలేదని, ఆ బృందమే చూపింది. కాబట్టి 3వ రోజు తీసిన రక్తంలోనూ, 20వ రోజు తీసిన రక్తంలోనూ ఐజీఎఫ్-1 ఒకేలా తక్కువగా కనిపించినా, ఆ రెండింటి వెనుక కారణం ఒకటి కాదు.

తరువాత గ్రోత్ హార్మోన్ అంకె. ఒక్కసారి తీసిన రక్తంలోని గ్రోత్ హార్మోన్ విలువను బట్టి ఏ తీర్మానానికీ రావద్దని నేను గట్టిగా చెబుతాను. ఈ హార్మోన్ రోజంతా సమంగా కాక దఫదఫాలుగా విడుదలవుతుంది. ఆరోగ్యవంతుల్లో పెద్ద దఫా గాఢనిద్ర మొదలైన కొద్దిసేపటికి వస్తుంది. రక్తంలో దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, సుమారు 20 నిమిషాలే. సెంట్రల్ స్టేషన్‌లో ఏదో ఒక క్షణాన ప్లాట్‌ఫారాన్ని ఫొటో తీస్తే, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఇప్పుడే వచ్చి ఆగిందా, వెళ్లిపోయి అరగంటయిందా అన్నదాన్ని బట్టి జనం కిక్కిరిసో, ఖాళీగానో కనిపిస్తారు. ఆ ఒక్క ఫొటోతో రోజుకు ఎంతమంది ప్రయాణిస్తారో లెక్కకట్టలేం. పరిశోధకులు అందుకే రాత్రంతా 20 నిమిషాలకోసారి రక్తం తీసి చూస్తారు. మామూలు ఆసుపత్రిలో అది జరిగే పని కాదు, రక్తం తక్కువైన రోగికి మంచిది కూడా కాదు.

ఐజీఎఫ్-1 సంగతి వేరు. రక్తంలో ఇది చాలావరకు ఐజీఎఫ్‌బీపీ-3 అనే ప్రోటీన్‌తోనూ, ఏఎల్‌ఎస్ అనే మరో ప్రోటీన్‌తోనూ ముడిపడి తిరుగుతుంది. (ఇదే పొట్టిపేరు ఉన్న నరాల జబ్బుకూ దీనికీ సంబంధం లేదు, ఆ అక్షరాలు చూసి ఒక కుటుంబం రాత్రంతా నిద్రపోకపోవడం నాకు తెలుసు.) ఒంటరిగా ఉన్న ఐజీఎఫ్-1 నిమిషాల్లో తొలగిపోతుంది, ఈ ముగ్గురి జట్టులో ఉన్నది మాత్రం సుమారు 12 నుంచి 15 గంటలు నిలుస్తుంది. అందువల్ల రక్తం ఉదయం తీశారా, సాయంత్రం తీశారా అన్నది దీనికి పెద్ద సమస్య కాదు. కానీ తీవ్రమైన జబ్బులో ఐజీఎఫ్‌బీపీ-3, ఏఎల్‌ఎస్ రెండూ తగ్గుతాయి, ఐజీఎఫ్‌బీపీ-3ని ఎంజైములు ముక్కలు కూడా చేస్తాయి. జట్టు చెదిరితే ఐజీఎఫ్-1 త్వరగా ఖర్చయిపోతుంది.

ఈ విలువను వయసుకు తగిన రేంజితోనే పోల్చాలి, ఎందుకంటే ఐజీఎఫ్-1 యుక్తవయసులో శిఖరానికి చేరి, ఆ తరువాత వయసుతోపాటు తగ్గుతూ పోతుంది. ల్యాబు మారితే పద్ధతి మారుతుంది, రేంజి కూడా మారుతుంది. రెండు రిపోర్టులను పోల్చదలిస్తే రెండూ ఒకే ల్యాబువి కావాలి. ఇంగ్లండులో ఉన్న బంధువైన డాక్టరుకు రిపోర్టు పంపేవారు యూనిట్లను కూడా స్పష్టంగా కనిపించేలా పంపండి: మన దగ్గర మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు అంటే అక్కడి లెక్కలో లీటరుకు సుమారు 13 నానోమోల్స్.

ఇక అసలు పని ఇక్కడుంది. ఐజీఎఫ్-1 తగ్గడానికి పిట్యూటరీతో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి, ఐసీయూలో అవన్నీ ఒకే మంచం మీద కలుస్తాయి. మొదటిది తిండి: కేలరీలు, ప్రోటీన్ సరిగా అందకపోతే కొద్ది రోజుల్లోనే ఇది పడిపోతుంది. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఎన్నో రోజున మొదలైంది, లక్ష్యంలో ఎంత అందుతోంది అని డైటీషియన్‌ను అడగండి. ఇంజెక్షన్ గురించిన ప్రశ్నకంటే ఇది ఎంతో ఉపయోగకరమైన ప్రశ్న. కాలేయ వ్యాధి, అదుపు తప్పిన మధుమేహం, థైరాయిడ్ లోపం ఐజీఎఫ్-1ను తగ్గిస్తాయి. బీపీ నిలబెట్టడానికి ఎక్కించే డోపమైన్ గ్రోత్ హార్మోన్ విడుదలను అణచగలదు, కాబట్టి రక్తం తీసిన రోజు నడుస్తున్న మందుల జాబితాను రిపోర్టు పక్కన పెట్టుకుని చూడాలి. జుట్టు కోసం పెద్ద మోతాదులో బయోటిన్ మాత్రలు వాడే అలవాటు రోగికి ఉంటే ల్యాబుకు తప్పక చెప్పండి. కొన్ని యంత్రాలు వాడే పద్ధతిలో బయోటిన్ అడ్డుపడి గ్రోత్ హార్మోన్ వంటి వాటి ఫలితాన్ని ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు.

ఐజీఎఫ్-1ను పట్టుకునే మరో ప్రోటీన్ ఐజీఎఫ్‌బీపీ-1 పేరు మన రిపోర్టుల్లో అరుదు. కనిపిస్తే, అది మిగతావాటికి ఎదురుదిశలో నడుస్తుందని గుర్తుంచుకోండి: దాన్ని కాలేయంలో ఇన్సులిన్ అణచిపెడుతుంది, తీవ్రమైన జబ్బులో అది పెరుగుతుంది.

ఇంజెక్షన్ విషయానికి వస్తే, ఈ ఆలోచన వైద్యులకు రాకపోలేదు. కండ కరగకుండా కాపాడుతుందన్న ఆశతో యూరప్‌లో ఐసీయూ రోగులకు పెద్ద మోతాదులో గ్రోత్ హార్మోన్ ఇచ్చి చూశారు. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫలితాలు ఆ ఆశను తుంచేశాయి. ఫిన్లాండ్‌లో జరిగిన అధ్యయనంలో హార్మోన్ తీసుకున్నవారిలో 39 శాతం మంది మరణించగా, తీసుకోనివారిలో 20 శాతం మంది మరణించారు. పలు దేశాల్లో కలిపి జరిగిన రెండో అధ్యయనంలో అవి 44, 18 శాతాలు. ఐజీఎఫ్-1 తగ్గడం ప్రాణాపాయ వేళ శరీరం తన ఖర్చును తానే తగ్గించుకునే పద్ధతి కూడా కావచ్చని నేను భావిస్తాను. తగ్గిన అంకెను బలవంతంగా పైకి లేపితే రోగి కోలుకుంటాడన్న లెక్క మాత్రం అక్కడే తప్పింది. గుండె, పొట్ట శస్త్రచికిత్సల తరువాతి సమస్యలతోనో, పలుచోట్ల దెబ్బలతోనో, శ్వాస వైఫల్యంతోనో తీవ్ర దశలో ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదని మందుతో వచ్చే కాగితం మీదే రాసి ఉంటుంది.

ఒక మినహాయింపును మాత్రం తేలికగా తీసుకోవద్దు. తలకు పెద్ద దెబ్బ తగిలినా, పిట్యూటరీ దగ్గర శస్త్రచికిత్స జరిగినా, వెంటనే తెలుసుకోవలసింది గ్రోత్ హార్మోన్ కాదు, పిట్యూటరీ ఆదేశంతో అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోన్. అది లోపిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. “కార్టిసాల్ చూశారా డాక్టరు గారూ?” అని రౌండ్స్ సమయంలో మర్యాదగా అడగడంలో తప్పు లేదు. గ్రోత్ హార్మోన్ లోపం నిజంగా ఉందా లేదా అన్నది ఐసీయూలో తేలదు. తల దెబ్బ తరువాత సాధారణంగా ఏడాది గడిచాక, రోగి తిని తిరుగుతున్న స్థితిలో, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు) పర్యవేక్షణలో, మందు ఇచ్చి హార్మోన్ ఎంత పెరుగుతుందో చూసే ప్రేరేపణ పరీక్ష చేసి తేలుస్తారు. అప్పటికి మీరు నెల్లూరులోనో, ఒంగోలులోనో మరో డాక్టరు ఎదుట కూర్చుని ఉండవచ్చు కాబట్టి, డిశ్చార్జి రోజున మాధవరంలో బస్సు ఎక్కే తొందరలో ఐసీయూ నాటి రిపోర్టులను, చేరిన తేదీని, మందుల జాబితాను, స్కాన్ ఫిల్ములను ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి.