రొయ్యల గుంట లెక్కతో సస్టైనబిలిటీ ఎంబీఏకి

"మీ గుంటలో పట్టుబడి అయ్యాక నీళ్లు ఎక్కడికి వదులుతారు?" సస్టైనబిలిటీ ఎంబీఏ సీటు కోసం మొదటి ఏడాది వెళ్లిన ఇంటర్వ్యూలో నన్ను అడిగిన రెండో ప్రశ్న ఇది. మాది ఇందుకూరుపేట మండలం. నాయనకి ఎకరం పైచిలుకు వనామీ రొయ్యల గుంట ఉంది. చిన్నప్పటి నుంచి ఆ గట్ల మీద తిరిగినదాన్ని కాబట్టి ధైర్యంగా "కాలవలోకి సార్" అన్నాను. "ఆ కాలవ ఎక్కడికి పోతుంది?" అన్నారు. నోరు పెగల్లేదు. అంతకుముందు ఐదు నిమిషాలు ప్రకృతి అంటే నాకు ప్రాణమని, భూమిని కాపాడుకోవాలని దంచి కొట్టాను మరి. సీటు రాలేదు. మరుసటి ఏడాది వచ్చింది. ఈ మధ్యలో ఏం చేశానో చెబుతాను. మీరు డిగ్రీ చివరి ఏడాదిలో ఉంటే నాకు పోయిన ఆ ఏడాది మీకు మిగులుతుంది.

ముందు ఈ చదువేంటో చూద్దాం. మా మేనత్త ఇప్పటికీ దీన్ని మొక్కల కోర్సు అంటుంది. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో నీళ్లు పరీక్ష చేయడం నేర్పుతారు. సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్‌లో ఆ పరీక్ష ఫలితం పట్టుకుని ఫ్యాక్టరీలో ఏం మార్చాలి, ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్నవి నేర్పుతారు. ఉద్యోగాలు పెరగడానికి ఒక ముఖ్య కారణం షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ పెట్టిన నియమం. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ వార్షిక నివేదికతో పాటు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇచ్చి తీరాలి. కరెంటు, నీళ్లు, వ్యర్థాలు, కార్మికుల ప్రమాదాలు, ఆడవాళ్ల జీతాలు, అన్నీ అంకెల్లో చెప్పాలి. ఆ పట్టికలు నింపేవాళ్లు కావాలి, నింపినవి నిజమో కాదో చూసేవాళ్లూ కావాలి. ఈ నివేదికలు కంపెనీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. మీకు తెలిసిన ఏదో ఒక కంపెనీది దించుకుని, అందులో పర్యావరణం గురించిన ఆరో సూత్రం పేజీలు మాత్రం చదవండి. రెండేళ్ల అంకెలు పక్కపక్కనే ఉంటాయి. నీటి వాడకం ఒక్కసారిగా సగానికి పడిపోతే నిజంగా తగ్గించారా, కొలిచే పద్ధతి మార్చారా అని అనుమానించడం మొదలుపెడితే మీకు ఈ చదువు పట్టుబడినట్టే.

నేను నెల్లూరులో బీకాం చదివాను. సైన్సు వాళ్లకే ఇది వస్తుందని భయపడకండి. సగం పని ఖాతాల పనే. బిల్లు ఏది, ఏ నెలది, లీటర్లా కిలోలా, ఒకదాన్నే రెండుసార్లు కూడామా అని చూసుకోవడమే.

అందుకని అప్లికేషన్ జోలికి పోకముందు మీ ఇంటి దగ్గర ఏదో ఒక చోటుకి కార్బన్ లెక్క, అంటే అక్కడి పని వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందో, కట్టండి. రొయ్యల గుంట కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు, ఐస్ ఫ్యాక్టరీ కావచ్చు. నేను మా గుంట తీసుకున్నాను. 120 రోజుల పంట. నాయన కరెంటు బిల్లులు మోటారు షెడ్డులో మేకుకి గుచ్చి పెడతాడు, అవి దొరికాయి. డీజిల్ రసీదులు దగ్గరే చిక్కు వచ్చింది. పెట్రోలు బంకు వాళ్లిచ్చే రసీదు మీద అక్షరాలు ఎండకి, వేడికి ఎగిరిపోతాయి. డబ్బాలో ఉన్నవన్నీ తెల్లకాగితాలై కూర్చున్నాయి. చివరికి మేత కట్టల లెక్క రాసే నోటుబుక్కులో పక్కన గీసిన ముక్కలు పట్టుకుని 200 లీటర్లని తేల్చాను. రసీదుని తెచ్చిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలని నాకు ఏ కోర్సూ నేర్పలేదు, ఆ డబ్బా నేర్పింది.

లెక్క తేలికే. లీటరు డీజిల్ కాలిస్తే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 200 లీటర్లకి 536 కిలోలు. మన జనరేటర్‌లో సొంతంగా కాల్చింది కాబట్టి ఇది స్కోప్ 1. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లకి వాడిన కరెంటు 8,600 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కిలోలు వేసుకోవచ్చు, కచ్చితమైన అంకెని కేంద్ర విద్యుత్ అథారిటీ ఏటా ప్రకటిస్తుంది. అంటే 6,020 కిలోలు. కొన్న కరెంటు కాబట్టి స్కోప్ 2. మేత, సీడ్ (రొయ్య పిల్లలు), ఐసు, లారీ కిరాయి లాంటి, బయటివాళ్ల దగ్గర పుట్టేవన్నీ స్కోప్ 3. అందులో మేతదే పెద్ద వాటా అయ్యుండాలి, కానీ దాని అంకె మేత కంపెనీ ఇస్తేనే తెలుస్తుంది. అడిగాను, ఇవ్వలేదు. ఇవ్వలేదనే రాశాను. గుంట అడుగు బురదలోంచి వచ్చే వాయువుల్ని కూడా కలపలేదని రాశాను. ఏది కలిపామో, ఏది వదిలామో చెప్పకపోతే లెక్కకి విలువ లేదు.

పంట 2,500 కిలోలు. కరెంటు, డీజిల్ కలిపితే కిలో రొయ్యకి 2.6 కిలోల పైన పడింది. నాయనకి చూపించాను. చాలాసేపు కాగితం వైపు చూసి, "అయితే పాపం జనరేటర్‌ది కాదంటావా మే?" అన్నాడు. పొగ కళ్లకి కనపడేది జనరేటర్ దగ్గర. కరెంటు పొగ నేలటూరు థర్మల్ స్టేషన్ లాంటి చోట గొట్టంలోంచి పైకి పోతుంది. మా గుంటలో కరెంటుది డీజిల్‌కి పదకొండింతలు. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని అనుకోకండి. నా హాస్టల్ రూమ్మేట్‌ది చీమకుర్తి. ఆమె బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీ లెక్క కడితే ఎక్స్‌కవేటర్లు, డంపర్లు తాగే డీజిలే ముందుకొచ్చింది.

తర్వాతి వారం ఆ కాలవ వెంట నడిచాను. మా తూము దగ్గర మొదలై, దారిలో ఇంకో పదిహేను గుంటల నీళ్లు కలుపుకుని, ఉప్పుటేట్లో పడుతుంది. అదే ఏట్లోంచి కాస్త అవతల ఇంకొకళ్లు గుంటలకి నీళ్లు తోడుతున్నారు. ఒకరి గుంటకి వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వస్తే వరసగా అందరికీ ఎందుకొస్తుందో అక్కడ నిలబడితే అర్థమైంది. అప్పటి కోస్తా ఆక్వాకల్చర్ మార్గదర్శకాల ప్రకారం పెద్ద సాగుకి వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు తప్పనిసరి. మా కాలవ మీద అందరూ చిన్నవాళ్లే. కాలవ మాత్రం ఒకటే. రెండో ఏడాది నా ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు కావాలో అప్లికేషన్‌తో పాటు రాసే వ్యాసం) మొత్తం ఈ కాలవే. పర్యావరణం, భూమాత అనే మాటలు ఒక్కచోట కూడా వాడలేదు. మీరూ వాడకండి, చదివేవాళ్లకి అవి విని విని విసుగొచ్చి ఉంటుంది.

ఇక కాలేజీలు. ఐఐఎం లక్నోలో సస్టైనబుల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఉంది, దానికి క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భోపాల్‌లోని ఐఐఎఫ్ఎం అడవుల మేనేజ్‌మెంట్‌కి పేరున్న సంస్థ, ఇప్పుడు అక్కడా సస్టైనబిలిటీ ఎంబీఏ ఉంది. ఢిల్లీలో టెరి స్కూల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ ఉంది. రైతులు, పాల సంఘాల వైపు మనసుంటే గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా చూడండి. విదేశాల్లో కొలంబియా యూనివర్సిటీ ఎంఎస్ 36 క్రెడిట్ల కోర్సు, ఖర్చు మాత్రం మన ఊహకి అందదు. పేరు చూసి మోసపోకుండా సిలబస్ తెప్పించుకోండి. కార్బన్ అకౌంటింగ్, లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణ భారం లెక్క), ఫైనాన్స్, ఈ మూడూ తప్పనిసరి పేపర్లుగా ఉన్నాయా లేదా చూడండి. మామూలు ఎంబీఏకి చివర్లో రెండు ఐచ్ఛిక పేపర్లు అతికించి కొత్త పేరు పెట్టినవి కూడా ఉన్నాయి. ప్లేస్‌మెంట్ నివేదికలో సగటు జీతం పక్కన పెట్టి ఉద్యోగాల పేర్లు చదవండి. సేల్స్ మేనేజర్లే ఎక్కువ కనపడితే సంగతి అర్థమైపోతుంది.

క్యాట్ గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, నేను రెండు ముక్కలే చెబుతాను. దరఖాస్తులు ఆగస్టు ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష నవంబరు చివర్లో. డిగ్రీలో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45. సరైన జవాబుకి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పుకి 1 కోత, టైపు చేసే జవాబులకి కోత లేదు. మొదటిసారి ఈ తేడా పట్టించుకోకుండా టైపు చేసేవి ఖాళీగా వదిలేశాను.

ఇంటర్వ్యూకి మీ లెక్క ఒకే పేజీలో ప్రింటు తీసుకెళ్లండి. అడిగితేనే ఇవ్వండి. నా దగ్గర తీసుకున్నాయన పదిహేను నిమిషాలూ ఆ కాగితం మీదే అడిగారు. 8,600 మీటరు రీడింగా, మీ అంచనానా అని మొదలుపెట్టి, ఏరియేటర్లు రాత్రి ఎన్ని గంటలు తిరుగుతాయి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది అనేదాకా. అవి నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

సీటొచ్చాక అసలు టెన్షన్ లోను దగ్గర. నాయన పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకుకి పోయాడు. వ్యవసాయ భూమి తాకట్టుగా కుదరదన్నారు. మొండితనం అనుకున్నాం కానీ కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, బాకీ పడితే దాని కింద బ్యాంకు ఆ భూమిని స్వాధీనం చేసుకోలేదు. ఇప్పుడు మీకు పీఎం విద్యాలక్ష్మి ఉంది. కేంద్రం జాబితాలోని సంస్థలో మెరిట్ సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు రుణానికి మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని) కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి అడగొచ్చు, ఏటా ఇంతమందికే అని పరిమితి ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో దరఖాస్తు దశలోనే చూసుకోండి. ఆదాయ ధ్రువపత్రం కూడా ముందే తీసి పెట్టుకోండి.

ఆఫర్ లెటర్ వచ్చిన రోజే లోనుకి పెట్టండి. నాది మంజూరు కావడానికి ఐదు వారాలు పట్టింది, మొదటి వాయిదా గడువేమో మూడు వారాలే. నా పక్క సీటు అమ్మాయి కాలేజీకి ఒక ఈమెయిల్ పెట్టి, బ్యాంకు రసీదు జత చేసి, గడువు పొడిగించుకుంది. అలా అడగొచ్చని నాకు తెలియదు. నాయన 50 కౌంట్‌కి (కిలోకి 50 రొయ్యలు తూగేదాకా) ఆగాల్సిన గుంటని పది రోజులు ముందే, 60 కౌంట్‌కి పట్టించేశాడు.