పది రోజులైనా డిప్రెషన్ మందు పనిచేయడం లేదా? సమస్య - పరిష్కారం

కావలిలో మందుల షాపు నడుపుతున్న నేను తరచూ వినే మాట: "పది రోజుల్నించి మింగతా ఉండా అన్నా, ఏం తేడా కనపడలా." ఆ మాట అన్న మనిషి చాలాసార్లు మళ్ళీ రాడు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుయోక్సెటిన్ వాడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: రెండు వారాలైనా గుణం లేదు

కారణం: మందు మొదటిరోజే పనిలో దిగుతుంది. మెదడు కణం వదిలిన, కణాల మధ్య కబుర్లు మోసే రసాయనమైన సెరటోనిన్‌ను మళ్ళీ లోపలికి లాక్కునే ప్రోటీన్‌కు అడ్డం పడుతుంది. మరి మనసెందుకు తేలికపడదు? సోమశిల డ్యాం నుంచి నీళ్ళు ఎక్కువ వదిలారనుకోండి. కాలవ మీద లస్కరు మట్టం చూసి షట్టరు దించితే చివరి మడికి అందేది పెరగదు. సెరటోనిన్ తయారుచేసే కణాల మీదుండే 1ఎ రకం రిసెప్టర్ (సెరటోనిన్ కబురు అందుకునే ప్రోటీన్) అచ్చం ఆ లస్కరే.

ఈ లస్కరు ఒంటరిగా ఏమీ చేయలేడు. సెరటోనిన్ తగలగానే రిసెప్టర్ కణం లోపలివైపున్న, కబురును ముందుకు చేరవేసే జి-ప్రోటీన్‌ను కదిలిస్తుంది. అది పొటాషియం దారులు తెరుస్తుంది, కణం మందగిస్తుంది, సెరటోనిన్ విడుదల తగ్గుతుంది. వారాల తరబడి సెరటోనిన్ తగులుతూ ఉంటే ఈ జోడీ పట్టు సడలుతుంది. అప్పుడు గానీ చివరి మడి తడవదు. ఆలస్యానికి శాస్త్రవేత్తలు చెప్పే ముఖ్య వివరణల్లో ఇదొకటి.

ఇంకొకటి నన్ను బాగా ఆకట్టుకుంది. 1బి రకం రిసెప్టర్‌ను కణం పైపొరకు చేర్చడంలో పీ11 అనే చిన్న ప్రోటీన్ సాయపడుతుందని 2006లో నోబెల్ గ్రహీత పాల్ గ్రీన్‌గార్డ్ బృందం చూపింది. డిప్రెషన్‌తో బాధపడి చనిపోయినవారి మెదడులో అది తక్కువగా కనిపించింది. ఎలుకలకు డిప్రెషన్ మందులిస్తే పెరిగింది. అందుకే "సెరటోనిన్ తగ్గింది, అంతే" అని తేల్చేయడం నాకు నచ్చదు.

పరిష్కారం: మీ అంతట మీరు మోతాదు మార్చకుండా నాలుగు నుంచి ఆరు వారాలు వాడండి. అప్పటికీ కాస్తయినా మార్పు లేకపోతే డాక్టరుకు చెప్పండి, మందు మార్చాలో పెంచాలో ఆయన చూస్తారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. పాతికేళ్ళలోపు వాళ్ళలో మొదటి వారాల్లో ఇలాంటివి పెరగవచ్చు, ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, రాత్రైనా పగలైనా పలుకుతారు.

సమస్య: మొదటి వారం కడుపులో తిప్పడం

ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అక్కడి 3 రకం రిసెప్టర్‌కు జి-ప్రోటీన్ అక్కర్లేదు, అదే ఒక తలుపు. తగలగానే తెరుచుకుంటుంది కాబట్టి వికారం ముందొస్తుంది, గుణం వెనకొస్తుంది. అన్నం తిన్నాక వేసుకోండి. ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలవ్వచ్చు.

సమస్య: నడుం నొప్పికి ఇంజెక్షన్ వేయించుకున్నాక వణుకు, చెమటలు, జ్వరం, కంగారు

అలాంటి నొప్పులకు వేసే ట్రమడాల్ ఇంజెక్షన్ కూడా సెరటోనిన్‌ను పెంచుతుంది. రెండూ కలిస్తే రిసెప్టర్ల మీద భారం ఒక్కసారిగా పడి ప్రాణం మీదికి రావచ్చు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళినా ముందు మీ మందు అట్ట చూపించండి. ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి, వేసిన ఇంజెక్షన్ పేరు రాయించుకుని వెంట తీసుకెళ్ళండి.