మన సర్వర్ మనమే కడదాం – 4వ భాగం: ప్రతి రిక్వెస్టుకీ ఒక నంబర్

గత భాగంలో మన టిఫిన్ ఆర్డర్ల ఫ్లాస్క్ (పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) యాప్‌కి లాగింగ్, అంటే జరిగిన ప్రతి పనినీ ఒక లైనుగా రాసిపెట్టే ఏర్పాటు, పెట్టుకున్నాం. బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్లంతా పొద్దున ఎనిమిదింటికి ఒకేసారి ఇడ్లీ ఆర్డర్ చేశారనుకోండి. లాగ్‌లో ‘ఆర్డర్ అందింది’, ‘పేమెంట్ మొదలైంది’, మళ్లీ ‘ఆర్డర్ అందింది’, ‘పేమెంట్ ఫెయిల్’ అంటూ లైన్లు కలగాపులగంగా పడతాయి. ఫెయిలైంది ఎవరిది? యూజర్ ఐడీ రాస్తే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు. ఒకే మనిషి బటన్ రెండుసార్లు నొక్కితే? లాగిన్ కాకముందే ఎర్రర్ వస్తే?

అందుకని రిక్వెస్ట్ లోపలికి రాగానే దానికో నంబర్ ఇస్తాం. 1, 2, 3 అని లెక్కపెట్టుకుంటూ పోతే కుదరదు. మన యాప్‌ని నడిపే గునికార్న్ సర్వర్‌లో నాలుగు వర్కర్లుంటే (విడివిడిగా నడిచే యాప్ కాపీలు) నాలుగూ ఎవరి లెక్క వాళ్లు 1 నుంచి మొదలుపెడతాయి. యూయూఐడీ (దాదాపు ఎప్పుడూ రిపీట్ కాని పొడవాటి ఐడీ) వెర్షన్ 4 తీసుకోండి: 128 బిట్లలో 122 యాదృచ్ఛికం. 2024లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9562 వెర్షన్ 7ని కూడా ప్రామాణికం చేసింది. అందులో మొదటి 48 బిట్లు సమయం. డేటాబేస్ కీలకు అది బాగుంటుంది గానీ మన లాగ్ లైన్లో టైమ్ ఎలాగూ ఉంది, 4 చాలు.

యాప్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే ఎంజిన్‌ఎక్స్ సర్వర్ ఉంటే ఆ పనీ తప్పుతుంది. 1.11.0 వెర్షన్ నుంచి దాంట్లో రిక్వెస్ట్ ఐడీ అనే వేరియబుల్ ఉంది. 32 హెక్స్ అక్షరాలు. ప్రాక్సీ సెట్ హెడర్ అనే సెట్టింగ్‌తో దాన్ని ‘ఎక్స్-రిక్వెస్ట్-ఐడీ’ హెడర్లో పెట్టి మన యాప్‌కి పంపండి. దాని యాక్సెస్ లాగ్‌లోనూ రాయించండి.

ఇక యాప్ లోపల. ప్రతి రిక్వెస్టుకీ ముందు నడిచే బిఫోర్ రిక్వెస్ట్ ఫంక్షన్లో ఆ హెడర్ చదివి, ఆ రిక్వెస్ట్ ఉన్నంతసేపే ఉండే ఫ్లాస్క్ ‘జీ’ ఆబ్జెక్టులో దాచండి. లేకపోతే కొత్తది పుట్టించండి. ఉన్నా గుడ్డిగా నమ్మొద్దు. బయటివాళ్లు అందులో ఏమైనా పంపగలరు, చెత్తతో నిండిన పొడవాటి లాగ్ లైన్ చదవాల్సింది మనమే. అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే, 64కి మించకూడదు అని ఒక చెక్ పెట్టి, దాటితే పారేసి కొత్తది ఇవ్వండి.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రతి లాగ్ లైన్లో నంబర్ చేతితో రాస్తూ పోతే ఎక్కడో మర్చిపోతారు, సరిగ్గా అక్కడే ఎర్రర్ వస్తుంది. పైథాన్ లాగింగ్‌లో ఫిల్టర్ అనేది ఉంది. రికార్డుకి (ఒక్కో లాగ్ లైన్ వెనకున్న సమాచారానికి) నంబర్ అంటించే చిన్న ఫిల్టర్ రాసి, ఫార్మాట్‌లో ఆ పేరు చేర్చండి. ఫిల్టర్‌ని అన్ని లాగర్లకీ పైన ఉండే రూట్ లాగర్‌కి తగిలించి ఊరుకుంటే పని జరగదు. లాగర్‌కి పెట్టిన ఫిల్టర్ దాని కింది లాగర్ల నుంచి పైకి వచ్చే రికార్డులను ముట్టుకోదు. అప్పుడు ఆ లైన్లలో నంబర్ లేక ఫార్మాటర్ గోల పెడుతుంది. కాబట్టి లైన్లను ఫైల్లోకో తెరమీదికో పంపే హ్యాండ్లర్‌కి పెట్టండి. సర్వర్ స్టార్టయ్యేటప్పుడు రిక్వెస్టే ఉండదు కదా, అప్పుడు ‘జీ’ని అడిగితే రన్‌టైమ్ ఎర్రర్. ఇప్పుడు ఏదైనా రిక్వెస్ట్ నడుస్తోందా అని చెప్పే ‘హ్యాజ్ రిక్వెస్ట్ కాంటెక్స్ట్’ చూసుకుని, లేకపోతే ఒక గీత పెట్టండి.

జవాబు వెళ్లేముందు నడిచే ఆఫ్టర్ రిక్వెస్ట్‌లో అదే నంబర్ జవాబు హెడర్లో తిరిగి పంపండి. ఎర్రర్ పేజీలో కూడా చూపించండి. కస్టమర్ స్క్రీన్‌షాట్ పంపితే, లాగ్‌లో ఆ నంబర్‌ని వెతికే గ్రెప్ కమాండ్ ఒక్కటి కొడితే చాలు. పేమెంట్ సర్వీసు మనదే అయితే దానికి చేసే కాల్‌లోనూ ఈ హెడర్ పెట్టండి, లేకపోతే దారం మధ్యలో తెగుతుంది.

ఈ వారం అభ్యాసం: రెండు టెర్మినల్స్‌లో ఒకేసారి కర్ల్ (రిక్వెస్ట్ పంపే కమాండ్) కొట్టి, ఒక నంబర్‌ని గ్రెప్ చేసి ఒకే ఆర్డర్ కథ వస్తుందో లేదో చూడండి. తర్వాత ఎస్సెమ్మెస్ పంపే పనిని వేరే థ్రెడ్‌లో (యాప్‌లోనే పక్కన విడిగా నడిచే పనిలో) పెట్టి మళ్లీ చూడండి. ఆ లైన్లలో నంబర్ బదులు గీత కనిపిస్తుంది. కోడ్ తిరగరాయకండి. రిక్వెస్ట్ కాంటెక్స్ట్ (ఆ రిక్వెస్ట్ గురించి ఫ్లాస్క్ పెట్టుకునే సమాచారం) కొత్త థ్రెడ్‌లోకి తనంతట తాను వెళ్లదు. దాన్ని ఎలా మోసుకెళ్లాలో 5వ భాగంలో.