ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటితే వంటింట్లో నూనె లెక్క

రక్తపరీక్ష రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 1000 (mg/dL) దాటాయంటే గుండె సంగతి తర్వాత, ముందు క్లోమం (పాంక్రియాస్) సంగతి చూడాలి. అది వాచే ప్రమాదం ఉంది. క్లోమంలోని లైపేజ్ అనే ఎంజైమ్ ట్రైగ్లిజరైడ్లను విడగొడితే కొవ్వు ఆమ్లాలు బయటపడతాయి. మామూలుగా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ వాటిని పట్టి ఉంచుతుంది. దాని శక్తికి మించితే అవి క్లోమ కణాలనూ సన్నటి రక్తనాళాలనూ దెబ్బతీస్తాయి. క్యాల్షియంతో కలిసి సబ్బులా పేరుకుంటాయి కూడా. క్లోమం వాపు ముదిరినప్పుడు రక్తంలో క్యాల్షియం పడిపోవడానికి అదొక కారణం.

"ఏ నూనె మంచిది?" అని అడుగుతారు. ఈ దశలో అది అడగాల్సిన ప్రశ్నే కాదు. గానుగ నువ్వుల నూనైనా, ఆలివ్ నూనైనా, ఆవు నెయ్యైనా చివరికి ట్రైగ్లిజరైడ్లుగానే రక్తంలో చేరుతుంది. కొబ్బరినూనెకూ పెద్ద మినహాయింపు లేదు. చూడాల్సింది మొత్తం ఎంత అన్నదే. ఇలాంటివారికి డాక్టర్లు సాధారణంగా రోజుకు 20–30 గ్రాముల లోపు కొవ్వు చెబుతారు. మీ అంకె మీ డాక్టరు దగ్గరే ఖాయం చేసుకోండి.

నూనె సీసా వంచి పోయడం మానేసి టీస్పూనుతో కొలవండి. ఒక టీస్పూను, అంటే 5 మి.లీ., దాదాపు 4.5 గ్రాముల కొవ్వు. పప్పు ఉడికాక రోగి వంతు గిన్నెలోకి తీసేసి, మిగతాదానికి తాలింపు పెట్టండి. ఇడ్లీ మంచిదే, కానీ చెన్నైలో దాని పక్కన కారప్పొడి గుంటలో నువ్వుల నూనె పోస్తారు, లెక్క తప్పేది అక్కడే. పొడిని మజ్జిగతో కలుపుకోండి. పొడిలో నువ్వులుంటే అదీ కొవ్వే.

పాలను చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు. కాఫీకీ పెరుగుకీ కలిపి అరలీటరు వాడితే 30 గ్రాములు అక్కడే సరి. డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతమే, అదే అరలీటరుకు 7.5 గ్రాములు. ప్యాకెట్ రంగు కాదు, దాని మీది శాతం చూసి కొనండి.

నూనె తగ్గించి పళ్లరసాలు, రోజ్‌మిల్క్ తాగితే ఫలితం ఉండదు. చక్కెరతోనూ ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మద్యం పూర్తిగా మానాలి. షుగరు అదుపులో లేకుంటే ఎంత పథ్యం చేసినా అంకె దిగదు. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ లాంటి మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. 500 లోపుకు దింపడం మొదటి లక్ష్యం.

పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుస్తూ, వాంతులవుతుంటే అది క్లోమం వాపు కావచ్చు, గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దామనుకోవద్దు. ఏమీ తినకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో పాత రిపోర్టు చూపించండి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువైతే క్లోమం వాపును పట్టే అమైలేజ్ పరీక్ష మామూలుగా కనబడొచ్చు, కాబట్టి లైపేజ్ పరీక్ష చూడాలి. ట్రైగ్లిజరైడ్ల పరీక్షకు ఆసుపత్రికి రాగానే రక్తం తీయించండి. కడుపు మాడ్చేసరికి ఆ అంకె త్వరగా దిగిపోతుంది, మర్నాటి పరీక్షలో అసలు కారణం కనబడకపోవచ్చు.