పాత బండి మార్చాలా? టెస్ట్ రైడ్‌తో తేల్చుకోవడం ఎలా

పదేళ్లు నడిపిన బండి దిగి షోరూమ్‌లో కొత్తది ఎక్కితే ఏ బండైనా బాగానే ఉంటుంది. అరిగిన చైనుకీ కొత్త చైనుకీ పోటీ పెట్టినట్టే కదా. అందుకే టెస్ట్ రైడ్ కంటే ముందు పాత బండిని మెకానిక్‌కి చూపించండి. ఇది అందరూ వదిలేసే పని, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు, హ్యాండిల్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూడమనండి. కోన్ సెట్ సంగతి మీరే తేల్చుకోవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేచేలా వెనక ఒకరిని నొక్కమని, హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే అది పోయినట్టే. ‘బండికి వయసైపోయింది, నిలకడ లేదు’ అనుకునే చాలామంది ఇబ్బంది ఇంతే. ఇవన్నీ బాగు చేయించి వారం రోజులు నడపండి. అప్పటికీ మార్చాలనిపిస్తే షోరూమ్‌కి బయల్దేరండి.

కాగితాలూ ఓసారి చూసుకోండి. అనంతపురంలోనో కర్నూలులోనో రిజిస్టరైన బండిని బెంగళూరులో నడిపే మనవాళ్లు ఎందరో. 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే నంబరు అక్కడికి మార్చుకోవాలి. అంటే మన ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బెంగళూరులో లైఫ్ ట్యాక్స్. పైగా 15 ఏళ్లకి ఆర్సీ గడువు తీరుతుంది, ఫిట్‌నెస్ పాసైతే ఇంకో 5 ఏళ్లు ఇస్తారు. బండికి పద్నాలుగేళ్లు వచ్చి ఉంటే ఈ ఖర్చులు కూడా లెక్కలో వేయండి.

ఇక టెస్ట్ రైడ్. లైసెన్సు, సొంత హెల్మెట్, షూ తప్పనిసరి. డెమో బండికి ఇన్సూరెన్స్ ఉందా, కింద పడితే ఖర్చెవరిదో ముందే అడగండి. వారాంతంలో రద్దీ ఎక్కువ, ఒక రౌండ్ కొట్టించి పంపేస్తారు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లి అరగంట అడగండి. మీరు రోజూ వెళ్లేది బెంగళూరులో సిల్క్ బోర్డు, మారతహళ్లి దారి అయితే ఆ దగ్గర్లోని షోరూమే ఎంచుకుని, అదే రోజు అదే దారిలో ముందు పాత బండి, తర్వాత కొత్తది నడపండి.

జామ్‌లో రెండో గేరులో క్లచ్ పట్టకుండా ఇంజన్ ఎంత మెల్లగా లాగుతుందో చూడండి. సిగ్నల్ దగ్గర కాళ్లకి వేడి కొడుతోందా, ఎడమ చెయ్యి నొప్పి పుడుతోందా గమనించండి. వెనక కూర్చునే మనిషిని తప్పకుండా తీసుకెళ్లండి. స్పీడ్ బ్రేకర్ మీద నడుము సంగతి వాళ్లే చెప్పాలి. అమ్మ ఒకపక్కకి కూర్చుంటారా? అయితే శారీ గార్డ్, కాలు పెట్టుకునే చోటు కూడా చూడండి.

ఖాళీ రోడ్డులో, అద్దంలో వెనక చూసుకుని, 40 స్పీడులో గట్టిగా బ్రేకు వేయండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేసి జారకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. అది ముందు చక్రానికేనా, రెండింటికీనా అడగండి. పాత బండికి ఏ రిపేరూ తెచ్చిపెట్టలేని గుణం ఇది. తడి రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లకి బండి మార్చడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదొక్కటే.

హైవే మీద 80లో హ్యాండిల్ వణుకుతుందో లేదో షోరూమ్ రైడ్‌లో తెలియదు. అదే మోడల్ రోజు అద్దెకి తీసుకుని దేవనహళ్లి మీదుగా చిక్కబళ్లాపూర్ దాకా వెళ్లి రండి. లేపాక్షి దాకా వెళ్లాలనుంటే, రాష్ట్రం దాటనిస్తారో లేదో ముందే అడగండి. తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక పెట్టుకుంటే హెడ్‌లైట్ సంగతీ తేలిపోతుంది.

“సార్, ఈ రోజు వరకే ఆఫర్” అన్నా ఆ పూట బుకింగ్ డబ్బు కట్టకండి. ఆన్‌రోడ్ ధర విడివిడిగా రాసిమ్మనండి. కొత్త బండికి 5 ఏళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పదు, ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ మాత్రం కొట్టేయమనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. పాత బండిని ఎక్స్‌ఛేంజ్‌కి ఇస్తే తేదీ, టైముతో అప్పగించినట్టు రాయించుకోండి. ఆర్సీలో పేరు మారేదాకా చలానా వచ్చినా, యాక్సిడెంట్ అయినా ముందు అడిగేది మిమ్మల్నే.