బొమ్మలే నా పని అని తేల్చుకోవడం ఎలా?

కళను వృత్తిగా చేసుకోవాలన్న కోరిక రాత్రికి రాత్రి పుట్టదు. ఏళ్ల తరబడి లోపలే ఉండి, ఏదో ఒక రోజు ఇక దాచుకోలేనంతగా పెరుగుతుంది. దాంతో పాటే టెన్షనూ మొదలవుతుంది. నాకు నిజంగా ఈ పనే కావాలా, లేక ఇప్పుడున్న ఉద్యోగం మీద విసుగొచ్చిందా?

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. అంతకుముందు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. పని మీద ఇష్టాన్నీ, ఉద్యోగం మీద విసుగునూ విడదీసి చూసుకోవడానికి నాకు పనికొచ్చిన పద్ధతులే ఇక్కడ చెబుతున్నాను. మీది పాటైనా, కథైనా, ఫోటోగ్రఫీ అయినా కొద్దిగా మార్చుకుంటే చాలు.

ముందు మీ ఊహల్ని గమనించండి. ఆ వృత్తిలో ఉన్నట్టు ఊహించుకుంటే కళ్ల ముందు ఏం కనిపిస్తోంది? అట్ట మీద పేరు, చప్పట్లు, ఎవరో వెతుక్కుంటూ వచ్చి మెచ్చుకోవడం... ఇవన్నీ అందరికీ కనిపిస్తాయి, తప్పేం లేదు. కానీ వాటితో పాటు పని కూడా కనిపించాలి. పని అంటే ఎవరూ చూడనప్పుడు, ఎవరూ అడగనప్పుడు చేసేది.

ఒక ఉదాహరణ చెబుతాను. మేకను గీయడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది వెనక కాలి దగ్గర ఆగిపోతారు. కాలి మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును మోకాలనుకుంటారు. నిజానికి అది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా, చర్మం కింద ఉండి సరిగ్గా కనబడదు. అది తెలియకుండా గీస్తే మేక నిలబడ్డట్టే ఉండదు. తెలిశాక కూడా, గెంతబోయే ముందు బరువంతా ఏ కాలి మీద ఉంటుంది, గిట్ట రెండు చీలికలూ ఎంత విచ్చుకుంటాయి అని చూసి, గీసి, చెరిపి, మళ్లీ గీయాలి. ఆ ఒక్క కాలితోనే సాయంత్రమంతా గడిచిపోతుంది. నాకు ఆ సాయంత్రాలంటే ప్రాణం. ఆఫీసులో లెక్క టాలీ అయితే తృప్తిగానే ఉండేది, కానీ ఇంటికొచ్చాక దాని ఊసే గుర్తొచ్చేది కాదు. మేక కాలు మాత్రం పడుకున్నా వదిలేది కాదు.

మీ పనిలో ఆ మేక కాలు ఎక్కడుందో వెతకండి. పాడేవాళ్లకు అది ఒకే గమకం పలికేదాకా చేసే సాధన కావచ్చు. రాసేవాళ్లకు కథ మొదటి పేరాను ఎన్నోసారో తిరగరాయడం కావచ్చు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఒక షాట్‌ను సరిగ్గా ఎక్కడ కట్ చేయాలా అన్న తర్జనభర్జన కావచ్చు. దాని మీద గంటలు పోయినా టైం దండగైందని అనిపించకపోతే, మీ కోరికకు వేళ్లున్నట్టే. ఆ భాగాన్ని ఎలాగోలా దాటేసి ఫలితం దగ్గరికి వెళ్లిపోవాలనిపిస్తుంటే ఇంకొన్నాళ్లు ఆగి చూడండి.

ఈర్ష్యను కూడా లెక్కలోకి తీసుకోండి. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడతాం గానీ, అది చాలా నిజం చెబుతుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎవరిని చూసి మనసు చివుక్కుమందో, ఎందుకో రాసుకోండి. ‘ఆవిడకు అవార్డు వచ్చింది’ అని రాశారా? ‘వానలో తడిసిన కుక్కను ఆవిడ అన్ని తక్కువ గీతల్లో ఎలా పట్టుకుంది!’ అని రాశారా? రెండో రకంవి ఎక్కువగా ఉంటే వాటిని పోగేసి చూడండి. మీది ఏ కళ అన్నదే కాదు, అందులోనూ మీకు నచ్చే మూల ఏదో తెలిసిపోతుంది. నా విషయంలో పెద్ద పెద్ద పెయింటింగులు చూస్తే సంతోషమే తప్ప ఈర్ష్య ఉండేది కాదు. పిల్లల పుస్తకంలో ఒక మంచి పేజీ చూస్తే మాత్రం నిద్ర పట్టేది కాదు.

ఆలోచనతో ఇంతవరకే రాగలం. ఆ తర్వాత చేసి చూడాల్సిందే. చిన్నదే అయినా ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేయండి. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు ఉంటుంది. పెద్ద షీటు మీద అచ్చు వేసి, మడిచి, కత్తిరిస్తారు కాబట్టి పేజీలు ఎనిమిది, పదహారుల లెక్కన వస్తాయి. ఒకవైపు వాడేసిన కాగితాలు మడిచి, కుట్టి, 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేసుకోండి. అందులో ఒక చిన్న కథకు పెన్సిల్‌తో రఫ్ స్కెచ్‌లు వేయండి. రెండు పేజీల నిండా పరిచిన బొమ్మలో పాప ముఖం సరిగ్గా నడిమి మడతలో పడితే బైండింగ్‌లో సగం మాయమవుతుందని మీ చేతికే తెలుస్తుంది. ఆ తర్వాత మిగతావీ ఒక్కొక్కటిగా వస్తాయి. కటింగ్‌లో తెల్ల అంచు కనబడకుండా బొమ్మను నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేయాలి, దాన్నే బ్లీడ్ అంటారు. స్క్రీన్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీద మసకబారుతుంది. ఎందుకంటే స్క్రీన్ రంగులు వెలుతురుతో వస్తాయి, అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతోనే సర్దుకోవాలి. కళ గురించి కలలు కనేటప్పుడు ఇవేవీ గుర్తుకు రావు. రోజువారీ పనిలో మాత్రం ఇవి చాలా ఉంటాయి. ఇవి తెలిసేకొద్దీ మీకు ఉత్సాహం పెరుగుతోందా, తగ్గుతోందా?

ఆ తర్వాత ఇంకొకరి కోసం ఒక పని చేయండి. కథ వాళ్లది, గడువు వాళ్లది, చివరి మాటా వాళ్లదే. మీరు ఇష్టంగా వేసిన బొమ్మ చూసి, ‘పాప ముఖంలో భయం ఎక్కువైందండీ, కుతూహలం కావాలి’ అంటారు. ఎత్తి దగ్గరికి ముడిచిన కనుబొమల లోపలి కొసలను కాస్త దించితే భయం తగ్గిపోతుంది. చేతికి అది చిన్న పనే, కానీ ఆ మాట విన్నాక మనసు నొచ్చుకుంటుంది. అది సహజం. నొచ్చుకున్నాక, మర్నాడు మళ్లీ బొమ్మ ముందు కూర్చోబుద్ధి అయిందా? అన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే.

కొందరికి ఇక్కడే, ఇది వృత్తిగా వద్దు అని తేలిపోతుంది. అలా తేలినవాళ్లు బొమ్మలు మానేయక్కర్లేదు. ఎవరి గడువులూ, ఎవరి కరెక్షన్లూ లేకుండా తమకు నచ్చింది వేసుకునే స్వేచ్ఛ వాళ్లకుంటుంది. దాని విలువ నాకు బాగా తెలుసు.

కావాలనే తేలితే, వెంటనే రాజీనామా మాత్రం రాయకండి. కాళీపట్నం రామారావు గారు లెక్కల మాస్టారుగా ఉద్యోగం చేస్తూనే గొప్ప కథలు రాశారు. 1995లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్ 1976లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో తన ఒపెరా ప్రదర్శన జరిగాక కూడా టాక్సీ నడిపారు. వయసు దాటిపోయిందన్న బెంగ ఉన్నవాళ్లకు ఇంకో మాట. వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్ల వయసులో. అప్పటికి చిత్రాల వ్యాపారంలో, బడిలో, మతబోధలో పనిచేసి వచ్చాడు.

ఈ రంగంలో డబ్బు ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. పని ఒక నెలలో అయితే డబ్బులు మరెప్పుడో. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి, మీకు పని ఇచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. అంతవరకూ ఉద్యోగంలో ఉండమనే నేను చెబుతాను.

ఇంట్లో చెప్పేటప్పుడు ‘నేను ఆర్టిస్టునవుతా’ అనకండి. వినేవాళ్లకు భయం తప్ప ఏమీ అర్థం కాదు. నేను, ‘నాన్నా, ఉద్యోగం మానట్లేదు. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా బొమ్మలు వేసుకుంటా. ఆ టైంలో నాకు వేరే పని చెప్పొద్దు’ అన్నాను. ‘ఎన్నాళ్లమ్మా?’ అన్నారు. ‘ఏడాది చూద్దాం. ఎంత వచ్చిందో లెక్క నీకే చూపిస్తా’ అన్నాను. గంటలు, గడువు, లెక్క తెలిస్తే ఇంట్లోవాళ్లు కాస్త కుదుటపడతారు. ఆ రెండు గంటలు మీవే అని మీకూ ధైర్యం వస్తుంది.

పని అడగడానికి వెళ్లేటప్పుడు వేసిన బొమ్మలన్నీ మోసుకెళ్లకండి. ఒకే పాప నిలబడి, పరుగెడుతూ, అలిగి, నవ్వుతూ ఉన్న బొమ్మలు నాలుగు పెట్టండి. పేజీ పేజీకీ ముఖం మారిపోకుండా వేయగలరా అన్నదే ఎడిటర్లు మొదట చూస్తారు. వాటితో పాటు ఒక జంతువు, జనం గుంపుగా ఉన్న దృశ్యం ఒకటి ఉంటే చాలు. పని ఖాయమైతే ఎన్ని బొమ్మలు, ఎప్పటికి ఇవ్వాలి, కరెక్షన్లు ఎన్నిసార్లు, డబ్బు ఎప్పుడు, హక్కులు ఎవరికి అన్నవి ఒక మెయిల్‌లో రాసి పంపండి. వాళ్లు ‘సరే’ అని జవాబిచ్చాకే పెన్సిల్ పట్టుకోండి.