ఇంగ్లీషులో ప్యాసివ్ వాక్యం రాసే ముందు

ముందు తెలుగు వాక్యాన్నే చూడండి. "మా వీధిలో రోడ్డు వేశారు" అంటాం. ఎవరు వేశారో చెప్పం, అడగరు కూడా. ఇంగ్లీషులో ప్యాసివ్‌కు (చేసినవాళ్లను కాక, పని దేని మీద జరిగిందో దాన్ని ముందు పెట్టే వాక్యానికి) అసలైన చోటు ఇదే: "ది రోడ్ వాజ్ లెయిడ్." ఇక్కడ "దే" అని మొదలుపెడితే ఆ "దే" ఎవరన్న ప్రశ్న వస్తుంది. "వేయబడింది" అని మనం మాట్లాడం కాబట్టి, తెలుగులో "బడు" కోసం వెతక్కండి.

క్రియకు కర్మ, అంటే పని దేని మీద జరిగిందో చెప్పే మాట, ఉందా? హ్యాపెన్, అరైవ్, డిసప్పియర్ లాంటివాటికి ఉండదు, కాబట్టి ప్యాసివ్ కుదరదు. "ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్" తప్పు. "హ్యాపెన్డ్" ఒక్కటి చాలు.

ఎక్కువ మంది జారేది "బీన్" దగ్గర. ఆఫీసు మెయిల్లో "ది ఫైల్ హాజ్ సెంట్" అని రాస్తే ఫైలే ఏదో పంపినట్టు అర్థం. "హాజ్ బీన్ సెంట్" అనాలి. "ఈజ్ బీయింగ్ రిపేర్డ్" అంటే పని ఇంకా నడుస్తోంది, "హాజ్ బీన్ రిపేర్డ్" అంటే అయిపోయింది. ఈ రెండూ తారుమారైతే కస్టమర్ బండి కోసం వచ్చి ఊరికే తిరిగి వెళ్తాడు.

చేసినవాళ్లు ముఖ్యమైతే యాక్టివ్‌లోనే రాయండి. "బై" తగిలించి చివరికి నెట్టకండి. ల్యాబ్ రికార్డులో "10 మి.లీ. యాసిడ్ వాజ్ యాడెడ్" సరైనదే, పోసిన చెయ్యి ఎవరిదైనా ఒకటే. క్షమాపణ ఉత్తరంలో మాత్రం "మిస్టేక్స్ వర్ మేడ్" వద్దు. తప్పు మీదైతే "ఐ" అని మొదలుపెట్టండి.